ముందు మీ ఆయన గురక సంగతి చూద్దాం

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పార్వతీపురం దగ్గర పల్లె. మా ఆయన పేపరు మిల్లు ఉద్యోగం వల్ల పెళ్లయినప్పటి నుంచీ ఒడిశాలోని రాయగడలోనే ఉంటున్నాం. నాకు 47 ఏళ్ళు. ఎనిమిది నెలలుగా సరైన నిద్ర లేదు. పదింటికి పడుకుంటే రెండింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. ఇక తెల్లారేదాకా గోడ గడియారం చూస్తూ ఉంటాను. పక్కింటావిడ చెబితే మందుల షాపులో అల్ప్రాజోలం కొనుక్కుని వేసుకుంటున్నాను. మొదట్లో పావు మిల్లీగ్రాము సరిపోయేది. ఇప్పుడు అర వేసుకున్నా అంతంత మాత్రమే. మా ఆయనకు 52. షిఫ్టు డ్యూటీలు. ఆయనకేం, పడుకుంటే గురక పెట్టి హాయిగా నిద్రపోతారు. అయినా పగలంతా కునుకుతూనే ఉంటారు. మధ్యాహ్నం పఖాళ (ఒడియావాళ్ళ చద్దన్నం) తిన్న మత్తు అంటారు. బీపీకి రెండు మాత్రలు వాడుతున్నా తగ్గడం లేదు. మొన్న పొద్దున్నే పెళ్లికి పార్వతీపురం వెళ్తుంటే కూనేరు దగ్గర బండి రోడ్డు దిగిపోయింది. దేవుడి దయ, ఏమీ కాలేదు. సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) చేసి వచ్చిన రోజు నిద్ర పట్టడం లేదంటే నా మాత్రలో సగం ముక్క ఆయనకూ ఇచ్చాను. మా అత్తగారికి 74. సాయంత్రం అయ్యేసరికి కాళ్ళు లాగేస్తున్నాయంటారు, ఎవరో ఒకరు పిసకాలి. మా అమ్మాయి బరంపురంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. తెల్లవారుజామున గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించిందనీ, కళ్ళు తెరిచినా కదల్లేకపోయిందనీ ఫోన్లో ఏడ్చింది. అత్తగారు తాయత్తు కట్టించమంటున్నారు. నాకు అలవాటు పడని మంచి నిద్రమాత్ర ఏదైనా చెప్పండి.
— ఒక సోదరి, రాయగడ (పేరు వద్దన్నారు)

సమాధానం: అమ్మా, మీరు అడిగింది మీ నిద్ర గురించి. కానీ మీ ఉత్తరం చదువుతుంటే నాకు భయం వేసింది మీ ఆయన గురించి. గురక, పగటి కునుకు, మాత్రలకు లొంగని బీపీ, కూనేరు దగ్గర రోడ్డు దిగిన బండి. వీటిని మీరు వేటికవే అన్నట్టు రాశారు. నాకు మాత్రం అన్నీ ఒకే జబ్బు గుర్తుల్లా కనిపిస్తున్నాయి. అందుకే మీ నిద్ర దగ్గరకు కాస్త ఆగి వస్తాను, ఏమీ అనుకోకండి.

ముందు రెండు పనులు ఈ రోజే జరగాలి. మీ మాత్ర ఆయనకు మళ్ళీ ఇవ్వకండి, పావు ముక్క కూడా. రెండోది, పరీక్షలు జరిగి వైద్యం మొదలయ్యేదాకా ఆయన బండి నడపకూడదు. ముఖ్యంగా సి షిఫ్టు దిగి ఇంటికి వచ్చే పొద్దుటి పూట. తోటి ఉద్యోగి బండి వెనక కూర్చోవడం కూడా వద్దు, కునుకు పడితే జారిపోతారు. బస్సో ఆటోనో చూసుకోమనండి. ఆయనకు కోపం వచ్చినా సరే, ఈ విషయంలో మీరు మెత్తబడకండి.

ఇప్పుడు జబ్బు సంగతి. నిద్రలోకి జారుకోగానే ఒంట్లో కండరాలన్నీ వదులవుతాయి. గొంతు చుట్టూ ఉన్నవీ అంతే. నాలుక వెనక్కి వాలుతుంది, అంగిట్లో వెనక ఉండే మెత్తటి భాగం కిందికి జారుతుంది, గాలి వెళ్ళే దారి సన్నబడుతుంది. ఆ సందులోంచి గాలి వెళ్తున్నప్పుడు అక్కడి మెత్తటి కండ అదిరి వచ్చే చప్పుడే గురక. చాలామందిలో వ్యవహారం అంతటితో ఆగుతుంది. కానీ బరువు పెరిగినవాళ్ళలో, మెడ లావుగా ఉన్నవాళ్ళలో, దవడ చిన్నదై లోపలికి ఉన్నవాళ్ళలో ఆ దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. కొబ్బరిబొండంలో మెత్తటి స్ట్రా వేసి గట్టిగా పీలిస్తే స్ట్రా రెండు వైపులా అతుక్కుపోయి నీళ్ళు రావు చూడండి, అలాగన్నమాట. ఛాతీ ఎంత లాగినా గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది. గొంతు కండరాలు బిగుసుకుని దారి తెరుచుకుంటుంది, పెద్ద చప్పుడుతో ఊపిరి వస్తుంది, మళ్ళీ నిద్రలోకి. కాసేపటికి మళ్ళీ అదే తంతు. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు.

ఇలా లేచిన సంగతి మనిషికి గుర్తుండదు. ఈ జబ్బుతో వచ్చిన చిక్కల్లా ఇదే. గంటకు ముప్పైసార్లు ఊపిరి ఆగి లేచిన మనిషి కూడా పొద్దున్న లేచి, ‘ఎనిమిది గంటలు పడుకున్నాను, అయినా బడలికగా ఉంది’ అంటాడు. అబద్ధమాడుతున్నాడని కాదు, అతనికి తెలిసింది అంతే. రాత్రి ఏం జరిగిందో తెలిసేది పక్కన మెలకువగా ఉన్నవాళ్ళకు. మీ ఇంట్లో అది మీరే.

ఏం చూడాలో చెబుతాను. ఆయన రాత్రి ఇంట్లో పడుకునే వారంలో, వెల్లకిలా పడుకుని గురక గట్టిగా పెడుతున్నప్పుడు చిన్న లైటు వేసి ఉంచండి. దుప్పటి నడుం దాకా దించి, ముఖం, ఛాతీ, పొట్ట మూడూ కనబడేలా ఫోన్ ఎక్కడైనా ఆనించి పది నిమిషాలు వీడియో తీయండి. వీలైతే తెల్లవారుజామున ఇంకొకటి తీయండి. కలలు వచ్చే నిద్ర ఆ వేళకే ఎక్కువ, అప్పుడు గొంతు కండరాలు ఇంకా వదులుగా ఉంటాయి. గురక పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. అమ్మయ్య, ఇప్పటికి తగ్గింది అనుకుంటాం. సరిగ్గా అప్పుడే పొట్ట వైపు చూడాలి. పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతుంటుంది, రెండూ ఎదురెదురుగా కదులుతుంటాయి. ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు. మనసులో అంకెలు లెక్కపెట్టండి. పది సెకన్లు దాటిందంటే వైద్యుల లెక్కలో అది ఊపిరి ఆగినట్టే. ఇరవై, ముప్పై సెకన్లు పోయేవాళ్ళూ ఉంటారు. తర్వాత ఒక్కసారిగా గుర్రుమని, ఉక్కిరిబిక్కిరై, కాలో చెయ్యో విదిలించి ఊపిరి తీసుకుంటారు. ఎక్కువసేపు ఆగితే భయపడి చూస్తూ కూర్చోకండి, భుజం తట్టి పక్కకు తిప్పండి.

ఈ వీడియో ఒకటి చేతిలో ఉంటే డాక్టరు దగ్గర మీ పని సగం అయిపోయినట్టే. పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి నా దగ్గరకు వచ్చే తెలుగు ఆడవాళ్ళు చాలామంది ఒడియా డాక్టరుకు ఈ విషయం విడమరిచి చెప్పలేక ‘నిద్ర ప్రాబ్లెమ్’ అని మాత్రం చెప్పి, నిద్రమాత్ర రాయించుకుని వచ్చేస్తారు. స్లీప్ ఆప్నియా ఉన్న మనిషికి అది సరిగ్గా తిరగబడిన వైద్యం.

ఇంకొన్ని సంగతులు ఆయన్నే అడగండి. పొద్దున్న లేవగానే తల దిమ్ముగా, నొప్పిగా ఉంటోందా? నోరు ఎండిపోతోందా? రాత్రి రెండు మూడు సార్లు ఒంటేలుకు లేస్తున్నారా? దీన్ని షుగర్ అనో, మగవాళ్ళకు వయసుతో వచ్చే సమస్య అనో వదిలేస్తారు. నిజమే, అవీ కారణాలే, కానీ ఊపిరి ఆగుతున్నప్పుడు గుండె మీద పడే ఒత్తిడి వల్ల కూడా మూత్రం ఎక్కువ తయారవుతుంది. చిన్నదానికే విసుక్కోవడం, ఇప్పుడే చెప్పింది మరచిపోవడం కూడా ఈ కోవలోవే.

పగటి నిద్ర ఎంత ఉందో కొలవడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. ఆస్ట్రేలియా డాక్టరు ముర్రే జాన్స్ 1991లో తయారు చేశారు, ఎప్‌వర్త్ స్కేల్ అంటారు. ఎనిమిది సందర్భాలు చెప్పి, ఒక్కోదానిలో కునుకు పట్టే అవకాశం ఎంతో సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేయమంటారు. కూర్చుని పేపరు చదువుతున్నప్పుడు. టీవీ చూస్తున్నప్పుడు. మీటింగు లాంటి చోట ఊరికే కూర్చున్నప్పుడు. కారులోనో బస్సులోనో గంటసేపు ఆగకుండా ప్రయాణిస్తున్నప్పుడు. వీలు దొరికి మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు. ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు. మద్యం తాగకుండా, భోజనం చేసి నెమ్మదిగా కూర్చున్నప్పుడు. ట్రాఫిక్‌లో బండి రెండు మూడు నిమిషాలు ఆగినప్పుడు. మొత్తం 24. పది దాటితే మామూలు అలసట కాదని అర్థం. ఆయన్ను వేసుకోమనండి, మీరు విడిగా ఆయనకు వేయండి. సాధారణంగా భార్య వేసిన మార్కులు ఎక్కువ ఉంటాయి, నేను వాటినే నమ్ముతాను.

పఖాళ మాట నిజమేనా అంటే కొంత నిజమే. ఎండాకాలం పఖాళ, బడి చుర (నలిపిన వడియాలు), ఇన్ని వేయించిన చేపలు తింటే ఎవరికైనా కళ్ళు మూతలు పడతాయి. అసలు మధ్యాహ్నం ఒంటిగంటా మూడింటి మధ్య ఏమీ తినకపోయినా ఒంట్లో గడియారం కాస్త మందగిస్తుంది. కానీ పఖాళ మత్తు మంచం దగ్గరకు తీసుకెళ్తుంది. పొద్దున్న పెళ్లికి బయలుదేరిన మనిషికి, బండి హ్యాండిల్ పట్టుకుని ఉండగా కళ్ళు మూసుకుపోయాయంటే దాన్ని తిండి మీదికి తోసేయలేం.

బీపీ సంగతి కూడా దీనితో ముడిపడే ఉంది. ఆక్సిజన్ పడిపోయిన ప్రతిసారీ ఒళ్ళు ప్రమాదం వచ్చిందనుకుని బీపీని పైకి తోస్తుంది. మామూలుగా నిద్రలో తగ్గాల్సిన బీపీ రాత్రంతా ఎగుస్తూనే ఉంటుంది. అందుకే రెండు మూడు మాత్రలు వేసుకున్నా లొంగని బీపీ ఉంటే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడమని గుండె డాక్టర్లు కూడా అంటారు. ఏళ్ళ తరబడి వదిలేస్తే గుండె లయ తప్పడం, గుండెపోటు, పక్షవాతం వచ్చే ముప్పు పెరుగుతుంది. భయపెట్టడానికి రాయడం లేదు. ఆయన వయసు 52, ఇంకా ఎన్నో ఏళ్ళ జీవితం ముందుంది. పట్టుకుంటే చక్కగా లొంగే జబ్బు కాబట్టి చెబుతున్నాను.

మీ ఉత్తరంలో ఆయన మందు తాగే సంగతి లేదు. ఉందో లేదో నాకు తెలియదు, మొహమాటంతో రాయలేదేమో. మా వైపు సెలవు రోజున జీలుగు కల్లో, ఇప్ప సారానో, రెండు పెగ్గులో అన్నది మామూలైపోయింది. మందు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది. ఊపిరి ఆగినా మెదడు త్వరగా లేవదు. అల్ప్రాజోలం చేసేదీ అదే పని. ఆ సగం ముక్క వేసిన రోజు ఆయన ఎక్కువసేపు పడుకుని ఉండవచ్చు, అంతమాత్రాన నిద్ర బాగుపడిందనుకోకండి. మందు, మాత్ర రెండూ కలిస్తే ఊపిరికే ఎసరు.

ఎక్కడ చూపించాలి? రాయగడ జిల్లా ఆసుపత్రిలో ముందు ఈఎన్‌టీకో మెడిసిన్ డాక్టరుకో వీడియో చూపించి రాయించుకోండి. ఆ పైన మీకు కొరాపుట్ మెడికల్ కాలేజీ ఉంది, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, తెలుగులో మాట్లాడుకోవాలంటే విశాఖ ఉంది, రైలెక్కితే నేరుగా దిగొచ్చు. నిద్ర పరీక్ష అన్నిచోట్లా, అన్ని రోజులూ జరగదు. ‘స్లీప్ స్టడీ చేస్తారా, ఎప్పుడు రమ్మంటారు’ అని ముందే ఫోన్లో కనుక్కుని వెళ్ళండి, లేకపోతే ఒక డ్యూటీ పోయి చేతులూపుకుంటూ రావాల్సి వస్తుంది. పూర్తి పరీక్షలో తలకు, కళ్ళ పక్కన, గడ్డానికి, కాళ్ళకు తీగలు అతికిస్తారు. ఛాతీకి, పొట్టకు బెల్టులు, వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం పెట్టి రాత్రంతా రికార్డు చేస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు. ఇంటికి పంపించి చేయించే చిన్న మెషిన్లు కూడా వచ్చాయి. మీ ఆయన లాంటి కేసుల్లో చాలావరకు అవి సరిపోతాయి.

జబ్బు తేలితే వైద్యం ఏమిటి? జబ్బు ముదిరి ఉన్నవాళ్ళకు అన్నిటికన్నా బాగా పనిచేసేది సీపాప్ అనే చిన్న యంత్రం. 1981లో ఆస్ట్రేలియాలోనే కాలిన్ సలివాన్ అనే డాక్టరు దీన్ని మొదట వాడి చూపించారు. ముక్కు మీద మాస్కు పెట్టి, సన్నగా గాలి ఒత్తిడి పంపుతూ గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. ఇందులో మందేమీ ఉండదు, ఆక్సిజన్ సిలిండరూ ఉండదు, గది గాలే. మొదటి వారం చికాకు పెడుతుంది. మాస్కు కొలత సరిపోకపోతే పక్క నుంచి గాలి కారుతుంది, ముక్కు ఎండుతుంది. ఇక్కడే చాలామంది తీసి అటక మీద పెట్టేస్తారు. మాస్కు మార్పించుకుని నాలుగు వారాలు ఓపిక పట్టిన వాళ్ళకు పగటి మత్తు ఎలా వదులుతుందో చూస్తే నాకే సంతోషంగా ఉంటుంది. ఖర్చు వేలల్లోనే ఉంటుంది. కొనేముందు కొన్నాళ్ళు అద్దెకు దొరుకుతుందేమో అడగండి, ఉద్యోగం తరఫున వైద్య ఖర్చు వచ్చే వీలుందేమో కూడా కనుక్కోండి. కరెంటు పోయే ఊరు కాబట్టి ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో చూసుకోండి.

ఈలోపు చేయగలిగినవి ఉన్నాయి. బరువు ఎక్కువుంటే పదో వంతు తగ్గినా తేడా బాగా తెలుస్తుంది. వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవాలి. బనీను వెనక, వీపు మధ్యలో జేబులా గుడ్డ కుట్టి అందులో టెన్నిస్ బంతి పెట్టండి, వెల్లకిలా తిరిగినప్పుడల్లా గుచ్చుకుని మళ్ళీ పక్కకు తిరుగుతారు. ముక్కుదిబ్బడ ఉంటే దానికి వైద్యం చేయించండి. ఖైనీ, సిగరెట్ ఉంటే మానడం మంచిది, గొంతులో వాపు పెంచుతాయి.

షిఫ్టుల గురించి ఒక మాట. ఎ (పొద్దున) నుంచి బికి (మధ్యాహ్నం), బి నుంచి సికి (రాత్రి) మారే వరుస ఒంటికి కాస్త నయం. సి నుంచి బికి, బి నుంచి ఎకి వెనక్కి తిరిగితే మరీ కష్టం, ఎందుకంటే ఒంటి గడియారాన్ని వెనక్కి జరపడం కన్నా ముందుకు జరపడం తేలిక. మిల్లులో వరుస మన చేతిలో ఉండదు, కానీ ఆప్నియా తేలితే డాక్టరు సర్టిఫికెట్ పెట్టి కొన్నాళ్ళు నైట్ తప్పించమని అడగవచ్చు. సి షిఫ్టు దిగి వచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకోమనండి. ఇంట్లో కిటికీకి ముదురు దుప్పటి కట్టి, వచ్చిన వెంటనే పడుకోనివ్వండి. బ్యాంకు పని, కరెంటు బిల్లు అంటూ ఆ పూట బజారుకు పంపకండి.

ఇక మీ నిద్ర. అమ్మా, మీకు రెండింటికి మెలకువ ఎందుకు వస్తోందో ఒకటికి మించి కారణాలు కనబడుతున్నాయి. పక్కన ఆ గురక ఉంటే ఎవరికైనా నిద్ర చెదురుతుంది. 47 ఏళ్ళంటే నెలసరి ఆగే వయసు. రాత్రి ఒళ్ళంతా ఆవిరొచ్చి చెమటపట్టి లేస్తున్నారేమో గమనించండి, అలాగైతే లేడీ డాక్టరుకు చెప్పాలి, దానికి వైద్యం ఉంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్ ఒకసారి చేయించండి. తెల్లవారుజామున మెలకువ రావడంతో పాటు దేనిమీదా ఇష్టం లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, దాన్ని నిద్ర సమస్యగా చూసి మోసపోకూడదు. ఇంకొకటి కూడా చెప్పాలి. నెలసరి ఆగే వయసు దాటాక ఆడవాళ్ళకూ స్లీప్ ఆప్నియా ఎక్కువే. వాళ్ళలో గురక అంత పెద్దగా ఉండకపోవచ్చు. అలసట, మధ్యరాత్రి మెలకువ, పొద్దున్న తలనొప్పి, ఇంతే కనిపిస్తాయి. అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు ఒక రాత్రి మీ పక్కన పడుకుని మీ ఊపిరి కూడా గమనించమనండి.

వారంలో మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలు దాటి ఇలా ఉంటే దాన్ని పాతబడిన నిద్రలేమిగా లెక్కిస్తాం. మీది ఎనిమిది నెలలు. దీనికి మొదటి వైద్యం మాత్ర కాదు. అమెరికాలోని ఫిజీషియన్ల కాలేజీ 2016లో ఇచ్చిన మార్గదర్శకం కూడా అలవాట్లు, ఆలోచనలు సరిచేసే వైద్యాన్నే ముందు మొదలుపెట్టమంది. అది ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. గోడ గడియారం తీసి వంటింట్లో పెట్టండి, ఫోన్ కూడా మంచానికి దూరంగా. రెండింటికి లేచి టైం చూడగానే ‘ఇంకా మూడు గంటలే ఉంది, రేపు ఎలాగ’ అని మనసు లెక్కలు మొదలుపెడుతుంది, ఆ లెక్కలే మెలకువను నిలబెడతాయి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే మంచం దిగి వేరే గదిలో, తక్కువ వెలుతురులో, బట్టలు మడతపెట్టడం లాంటి పని చేసుకోండి. కళ్ళు బరువెక్కాకే మళ్ళీ మంచం ఎక్కండి. రాత్రి ఎంత చెడినా పొద్దున్న లేచే వేళ మాత్రం మార్చకండి. ఐదున్నరకు లేస్తే ప్రతిరోజూ ఐదున్నరే, ఆదివారం కూడా. పగటి నిద్ర ఆపేయండి. పదింటికే మంచమెక్కి నిద్ర కోసం కాచుకోవడం కన్నా కొన్నాళ్ళు పదకొండున్నరకు పడుకోండి, మంచం మీద గడిపే వేళ తగ్గితే ఉన్న నిద్ర చిక్కబడుతుంది. మొదటి రెండు వారాలు పగలు చాలా బడలికగా ఉంటుంది, ఆపేద్దామనిపిస్తుంది, ఆపకండి. టీ మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. సాయంత్రం తాగిన టీలో సగం ప్రభావం రాత్రి పడుకునే వేళకూ ఒంట్లోనే ఉంటుంది.

అల్ప్రాజోలం సంగతి. పావు మిల్లీగ్రాము అర అయిందంటే ఒళ్ళు దానికి అలవాటు పడుతోందని అర్థం. అలాగని రేపే టక్కున ఆపేయకండి. ఒక్కసారిగా మానితే గుండెదడ, వణుకు, మునుపటికన్నా దారుణంగా నిద్ర పట్టకపోవడం, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు దగ్గర వారాల లెక్కన కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. అలవాటు పడని మంచి మాత్ర చెప్పమన్నారు. ఉత్తరంలో చెప్పే మాత్ర ఏదీ లేదమ్మా. చీటీ లేకుండా ఈ మందు అమ్మకూడదు కూడా. పక్కింటావిడకు ఈ కాగితం చదివి వినిపించండి, ఆవిడ కూడా అదే వేసుకుంటున్నట్టుంది కదా.

అత్తగారి కాళ్ళ బాధ వినగానే నాకు తోచింది రెస్ట్‌లెస్ లెగ్స్. దాని గుర్తులు తేలికే. కూర్చున్నా పడుకున్నా కాళ్ళలో ఏదో పాకుతున్నట్టు, లాగుతున్నట్టు ఉండి కదపకుండా ఉండలేకపోవడం, సాయంత్రం నుంచి ఎక్కువ కావడం, లేచి నాలుగడుగులు వేసినా ఎవరైనా పిసికినా హాయిగా ఉండడం. పిక్క పట్టేసి గడ్డకట్టడం వేరు. షుగర్ ఉన్నవాళ్ళకు వచ్చే మంటలు, తిమ్మిర్లు వేరు. నడిస్తే పెరిగి, ఆగితే తగ్గే నొప్పి మరీ వేరు. రెస్ట్‌లెస్ లెగ్స్ చాలామందిలో ఐరన్ తక్కువ కావడం వల్ల వస్తుంది. హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వ తక్కువ ఉండొచ్చు. అందుకని ఫెరిటిన్ అనే పరీక్ష అడిగి చేయించండి. ఈ జబ్బులో అది 75 నానోగ్రాముల కన్నా తక్కువ ఉంటే ఐరన్ మొదలుపెడతాం. 74 ఏళ్ళ మనిషికి ఐరన్ తగ్గిందంటే ఎక్కడైనా రక్తం పోతోందేమో కూడా చూడాలి, మాత్రతో సరిపెట్టుకోకూడదు. కిడ్నీ పరీక్ష కూడా అప్పుడే చేయించండి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ కౌంటర్ దగ్గర మందులు ఉచితంగా ఇస్తారు, ఐరన్ అక్కడ అడగండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే మాన్పించండి, ఐరన్ ఒంటికి పట్టదు. మత్తుగా ఉండే జలుబు మాత్రలు, కొన్ని వాంతుల మందులు ఈ బాధను పెంచుతాయి, ఆవిడ ఏమేం మింగుతున్నారో అన్నీ సంచీలో వేసి డాక్టరుకు చూపించండి. పిసికించుకుంటున్నందుకు ఆవిడను విసుక్కోవద్దు, అది గారాబం కాదు, నిజంగా బాధే.

అమ్మాయికి వచ్చింది స్లీప్ పరాలిసిస్. కలలు వచ్చే నిద్రలో మనం కలలో చేసే పనులు నిజంగా చేసేయకుండా మెదడు కాళ్ళూ చేతులూ కదలకుండా వదులు చేసి ఉంచుతుంది. ఒక్కోసారి మనసు ముందు మేలుకుంటుంది, ఆ కట్టడి ఇంకా వదలదు. కళ్ళు తెరిచే ఉంటాయి, కల కూడా సగం ఇంకా నడుస్తుంటుంది, అందుకే ఎవరో ఉన్నట్టు, గుండె మీద కూర్చున్నట్టు అనిపిస్తుంది. కొన్ని సెకన్లు, మహా అయితే రెండు మూడు నిమిషాలు. ఊపిరి ఆగదు, ప్రాణానికి ఏమీ కాదు. నూటికి ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది, చదువుకునే పిల్లల్లో ఇంకా ఎక్కువ. పరీక్షల ముందు రాత్రి రెండు దాకా మేలుకోవడం, వేళాపాళా లేకుండా పడుకోవడం, వెల్లకిలా పడుకోవడం దీన్ని రప్పిస్తాయి. మళ్ళీ వస్తే ఒళ్ళంతా కదపాలని పెనుగులాడొద్దనండి. ఒక్క కాలి బొటనవేలు కదపడానికి చూస్తూ నెమ్మదిగా ఊపిరి తీస్తే వదిలేస్తుంది. తాయత్తు కట్టించడం అత్తగారి తృప్తి, నేను కాదనను. కానీ ‘దెయ్యం పట్టింది’ అన్న మాట మాత్రం పిల్ల చెవిన పడనివ్వకండి, ఆ భయంతో నిద్ర ఇంకా చెడుతుంది. ఒకవేళ క్లాసులో కూర్చున్న చోటే నిద్ర ముంచుకొస్తున్నా, పకపకా నవ్వినప్పుడు మోకాళ్ళు పట్టుతప్పుతున్నా అది నార్కోలెప్సీ కావచ్చు. బరంపురంలోనే ఉంది కాబట్టి ఎంకేసీజీలో నరాల డాక్టరుకు చూపించుకోమనండి.

స్లీప్ పరాలిసిస్‌కు తిరగబడిన జబ్బు కూడా ఒకటుంది, ఈ శీర్షిక చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. కలలో ఒళ్ళు కదలకుండా ఉండాల్సింది పోయి, కలలో ఏం చేస్తున్నారో అదే మంచం మీద చేసేస్తారు. గుద్దడం, తన్నడం, కేకలు. యాభై దాటిన మగవాళ్ళలో ఎక్కువ. ఇది కొందరిలో ఏళ్ళ తర్వాత వచ్చే పార్కిన్సన్స్ జబ్బుకు ముందు సూచన కావచ్చు, అందుకని నవ్వి వదిలేయకుండా నరాల డాక్టరుకు చెప్పాలి.

మీ ఆయన పరీక్ష అయ్యాక ఆ రిపోర్టు ఫోటో తీసి, మళ్ళీ రాసేటప్పుడు జతచేయండి. అందులో ఏహెచ్‌ఐ అని ఒక అంకె ఉంటుంది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, ఎన్నిసార్లు బాగా తగ్గిందో కలిపి చెప్పేది అదే. ఐదు లోపు మామూలు, పదిహేను దాకా తక్కువ, ముప్పై దాకా మధ్యరకం, ఆ పైన తీవ్రం. దాని పక్కనే ఆక్సిజన్ ఎంత కిందికి పడిందో రాసి ఉంటుంది, ఆ పేజీ తప్పకుండా కనబడాలి. అత్తగారి ఫెరిటిన్ అంకె, మీ థైరాయిడ్ రిపోర్టు కూడా దాంతోపాటే పంపండి.